ప్రాచీనుల పరిహాసము – నవల



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము పరిహాసము. పరిహాసమనగా ఊరక కోతిచేష్టలు చేసి నవ్వించుట యని నా యభిప్రాయము కాదు. లోకమునందలి దోషమును తిన్నగా చెప్పక, నవ్వు మాటున చెప్పుట యొకటి కలదు. దానినే పెద్దలు అధిక్షేపమనిరి. ఈ యధిక్షేపము మిక్కిలి ప్రాచీనమైనది. నవల యనునది దానితో పోల్చి చూచినచో నిన్న మొన్నటిది. ఆ ముదుసలి యీ పసిబిడ్డకు ఏమి నేర్పెను? ఆ నేర్పిన దానితో పల్లెటూళ్లలో నున్న మనకేమి పని? ఈ రెండు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానమును విన్నవించి సెలవు తీసికొందును.

అధిక్షేపమన నెట్టిదో గ్రామమునందలి పెద్దలకు నేను వివరింప నక్కఱలేదు. చినిగిన కోటును, వంకర టోపీయును తొడిగికొని, కఱ్ఱ తుపాకి భుజమున వైచుకొని, తనకు లేని జమీందారీని, తాను తినని విందులను ఏకరువు పెట్టు పిట్టలదొరను మీలో పెక్కురు చూచియే యుందురు. వానిని చూచి మనము నవ్వుదుము. కాని వాడు చూపుచున్నది తన దర్పమును కాదు, దొరల దర్పమును. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధము నడుమ కేతిగాడును బంగారక్కయును తెరమీదికి దుమికి, ఊరిలోని సంగతులన్నియు బయట పెట్టుట మీకు తెలిసినదే. ఈ విద్య ఏ యొక్క దేశమునకో చెందినది కాదు. మనుష్యుడు గుంపు కట్టి, ఆ గుంపులో నొకడు తన్ను తాను గొప్పవాడని తలచిన నాడే ఇది పుట్టి యుండవలెను.

మన శాస్త్రకారులు నవ్వును తేలికగా చూడలేదు. భరతముని నాట్యశాస్త్రమున హాస్యమును రసములలో నొకటిగా లెక్కించి, స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వును ఆఱు తెఱగులుగా విభజించెను. పలువరుస కనబడని చిఱునవ్వు ఉత్తములది. కన్నీరు గాఱ, ప్రక్కలు పట్టుకొని నవ్వునది అధములది. ఇంతియకాక హాస్యము ఆత్మస్థమనియు, పరస్థమనియు రెండు విధములని చెప్పెను. తాను నవ్విన ఆత్మస్థము. ఇతరుని నవ్వించిన పరస్థము. ఈ రెండు మాటలను నేను నేడు కొంచెము మార్చి వాడుకొందును. తన్ను తాను చూచి నవ్వుకొనుట ఆత్మస్థమనియు, పరుని చూచి నవ్వుట పరస్థమనియు గ్రహింపుడు. శాస్త్రజ్ఞులు మన్నింతురు గాక. నా మాటలన్నియు ఈ రెండింటి నడుమనే నడచును.

సంస్కృతమున అధిక్షేపమునకు కొదువ లేదు. రూపకభేదములలో ప్రహసనమును, భాణమును దీనికొఱకే ఏర్పడినవి. 7వ శతాబ్దమున పల్లవరాజగు మహేంద్రవర్మ మత్తవిలాసమను ప్రహసనమును తానే రచించెను. అందొక కాపాలికుడు తాగిన మైకమున తన కపాలపాత్రను పోగొట్టుకొని, దారిని పోవు బౌద్ధభిక్షువును దొంగ యని పట్టుకొనును. తీరా చూడగా దానిని కుక్క యెత్తుకొని పోయినది. 11వ శతాబ్దమున కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు కళావిలాసము, నర్మమాల, దేశోపదేశము మున్నగు గ్రంథములలో లంచగొండి యుద్యోగులను, కపట గురువులను, పిసినారులను పట్టి పట్టి చూపెను. దండి దశకుమార చరితములో దొంగలును, జూదరులును, వంచకులును నిండిన లోకమును మన కన్నుల యెదుట నిలిపెను. ఆ కథలను 13వ శతాబ్దమున కేతన తెనిగించెను. మనకు ఈ సంపద పూర్వము నుండియు కలదని జ్ఞప్తి యందుంచుకొని, ఇక కొంత దూరము పోయి వత్తము.

పోవుటకు ముందు ఒక్క హెచ్చరిక. నాట్యశాస్త్రము చివర నొక కథ కలదు. భరతుని కుమారులు నాట్యవిద్య నేర్చి, ఆ నేర్పు తలకెక్కి, ఋషులను వెక్కిరించుచు ఒక ప్రదర్శనము చేసిరి. సభలోనివారు నవ్వియుందురు. ఋషులు మాత్రము కోపించి వారిని శపించిరి. నటుల కులము తక్కువదగుటకు ఆ శాపమే కారణమని గ్రంథము చెప్పును. ఆ కులముల మాట నేడు మనమెవరమును అంగీకరింపము. కాని నవ్వించు విద్యను నేర్పిన శాస్త్రమే, ఆ విద్య చేయగల కీడును గూడ చివరి యధ్యాయమున వ్రాసి పెట్టుట గమనింపదగినది.

ఇట్టి సంగతియే గ్రీసు దేశమున కథగా కాక చరిత్రగా జరిగినది. క్రీ. పూ. 423లో ఆథెన్సు నగరమున అరిస్టోఫనీసు అను హాస్యనాటకకర్త 'మేఘములు' అను నాటకమును ప్రదర్శించెను. అందు సోక్రటీసును బుట్టలో కూర్చుండబెట్టి గాలిలో వ్రేలాడదీసి, మబ్బులను చూచుచు కాలము గడపువానిగా చూపెను. డబ్బు పుచ్చుకొని అబద్ధమును నిజముగా వాదించు విద్యను నేర్పువాడనియు చిత్రించెను. నిజమైన సోక్రటీసు ఎవరియొద్దను జీతము పుచ్చుకొనలేదు. ప్రజలు నవ్విరి. ఇరువదినాలుగేండ్లు గడచిన పిమ్మట, క్రీ. పూ. 399లో డెబ్బది యేండ్ల వృద్ధుడగు సోక్రటీసును న్యాయసభకు ఈడ్చిరి. యువకులను చెఱచుచున్నాడని నేరము మోపిరి. తన మీది అపవాదు నేటిది కాదనియు, న్యాయాధిపతులు బాలురుగా నున్ననాటి నుండియు వారి చెవులలో పడుచున్నదనియు, అందొక హాస్యకవి చేయి కలదనియు ఆయన చెప్పుకొన్నట్లు శిష్యుడగు ప్లేటో వ్రాసెను. ఆ నాటకమే ఆయనను చంపినదనుట న్యాయము కాదు. కాని ఆ నవ్వు ఇరువదినాలుగేండ్లు చావలేదు. ఇది పరస్థ హాస్యము. నవ్వినవారందఱు ఒడ్డున నుండిరి. నవ్వింపబడినవాడు ఒక్కడే నీటిలో నుండెను.

పిమ్మట క్రీ. పూ. 3వ శతాబ్దమున గదరా అను ఊరివాడు మెనిప్పసు అనువాడు ఒక క్రొత్త తెఱగు కనిపెట్టెను. అతడు బానిసగా నుండినవాడని చెప్పుదురు. గద్యమును పద్యమును కలిపి, గంభీరమైన వేదాంత విషయములను నవ్వుచు చెప్పుట అతని పద్ధతి. గద్యపద్యముల కలయిక యనగానే మీకు మన చంపువులు జ్ఞాపకము వచ్చును. రెంటికిని చుట్టఱికము లేదు. కాని పద్యము నడుమ గద్యము దిగినపుడు మాట నేలమీదికి వచ్చునను సంగతి ఇరుదేశములవారును ఎఱిగిరనుట నిజము. మెనిప్పసు గ్రంథములన్నియు నశించినవి. అతని పేరును, ఆ పద్ధతిని బ్రదికించినవాడు నాలుగు వందల యేండ్ల తరువాత పుట్టిన లూషియను.

ఈ లూషియను క్రీ. శ. 2వ శతాబ్దమువాడు. యూఫ్రటీసు నదీతీరమున సమొసాత అను పట్టణమున జన్మించెను. సిరియా దేశస్థుడు; గ్రీకు భాష అతడు నేర్చుకొన్నది, ఆ భాషలోనే మేటి రచయిత యయ్యెను. తన బాల్యమును గూర్చి యతడు చెప్పుకొన్న కథ వినదగినది. ఇంటివారు అతనిని శిల్పియగు మేనమామ యొద్ద పనికి పెట్టిరి. మొదటి దినముననే యొక రాతిపలకను పగులగొట్టెను. మేనమామ బెత్తముతో కొట్టెను. ఏడ్చుచు ఇంటికి పరుగెత్తి వచ్చి, ఆ రాత్రి కల గనెను. కలలో శిల్పవిద్యయు, చదువును ఇరువురు స్త్రీల రూపమున వచ్చి చెఱియొక చేయి పట్టి లాగినవి. అతడు చదువు వెంట పోయెను. దెబ్బలు తిని ఏడ్చిన పిల్లవాడను నేనేయని లోకమునకు మొదటనే చెప్పుకొన్నాడు, చూడుడు. అతని పరిహాసమునకు బలము అచ్చటనే కలదు.

అతడొక కథలో ఆ మెనిప్పసునే పాత్రగా చేసి ఆకాశమునకు పంపెను. మెనిప్పసు ఒక భుజమునకు గ్రద్ద ఱెక్కను, వేఱొక భుజమునకు రాబందు ఱెక్కను కట్టుకొని యెగిరి చంద్రుని మీద దిగును. అక్కడి నుండి భూమిని చూడగా ఊళ్లన్నియు చీమలపుట్టల వలె కనబడును. పొలముల హద్దులకై కొట్టుకొనువారిని, అందఱికన్న ఎక్కువ భూమి నాదేయని గర్వించువారిని చూచి అతనికి నవ్వు వచ్చును. ఏలయన దేశమంతయు కలిపినను అతని కంటికి నాలుగు వ్రేళ్ల మేర కనబడుచుండును. గట్టు తగవులు విని విని విసిగిన పెద్దలకు ఈ నవ్వు ఎట్టిదో నేను చెప్పనేల? అటుపిమ్మట అతడు దేవలోకమునకు పోవును. అచ్చట జ్యూసు దేవుడు నూతి నోళ్లవంటి కన్నముల మూతలు తీసి, భూమి నుండి వచ్చు మొఱలను ఆలకించుచుండును. ఒక నావికుడు ఉత్తరపు గాలి కావలెననును, ఇంకొకడు దక్షిణపు గాలి కావలెననును. సేద్యగాడు వాన కోరును, చాకలి యెండ కోరును. పాపము, దేవుడేమి చేయును? ఇందెవ్వనిని పేరు పెట్టి తిట్టలేదు. చదువుచున్న ప్రతివాడును ఆ మొఱలలో నొకటి తనదిగా గుర్తించును.

అతని మఱియొక గ్రంథము 'నిజమైన కథ'. దాని ముందుమాటలోనే, ఇందులోనివన్నియు అబద్ధములనియు, అబద్ధమాడుచున్నానని చెప్పుట యొక్కటియే నిజమనియు హెచ్చరించెను. ఓడ నెక్కి పడమటి సముద్రమున పోవుచుండగా సుడిగాలి ఆ యోడను చంద్రలోకమునకు ఎత్తుకొని పోవును. అచ్చట చంద్రలోకపు రాజునకును సూర్యలోకపు రాజునకును యుద్ధము. తిరిగి వచ్చునపుడు ఒక మహామత్స్యము ఓడను మ్రింగును. దాని కడుపులో అడవులు కలవు. ఒక ముసలివాడును వాని కుమారుడును కూరపాదులు పెంచుకొనుచు కనబడుదురు. ఇంకొక ద్వీపమున, బ్రదికియున్నపుడు చరిత్రలలో అబద్ధములు వ్రాసినవారు శిక్షలనుభవించుచుందురు. యాత్రాకథకుల కోతలను వెక్కిరించుటకే ఈ గ్రంథము పుట్టినది. కాని వెక్కిరించువాడు తానును అబద్ధీకుడనేయని ఒప్పుకొని మొదలుపెట్టెను. ఒడ్డున నిలువక నీటిలోనికి తానే మొదట దిగెను.

ఆ శతాబ్దముననే ఉత్తరాఫ్రికాలోని మదౌరసు పట్టణమువాడగు అపులీయసు లాటిను భాషలో ఒక వచనకథ వ్రాసెను. దానిని 'బంగారు గాడిద' యందురు. సంపూర్ణముగా మనకు దక్కిన లాటిను నవల ఇది యొక్కటియే. లూషియసు అను యువకుడు మంత్రవిద్యల మీది వేడుకతో పక్షిగా మాఱవలెనని కోరును. దాసి తొందరలో ఒక భరిణకు బదులు వేఱొక భరిణ తెచ్చి యిచ్చును. ఆ లేపనము పూసికొన్నంతనే యతడు గాడిదయగును. రూపము గాడిదది, బుద్ధి మనుష్యునిది. గులాబీలు తిన్నచో మరల మనుష్యుడగును. కాని అవి యెప్పుడును నోటికి అందవు.

ఇంతవఱకు పిల్లలకు చెప్పు కథ వలె నున్నది. ఇక పైదానిని ఆలకింపుడు. గాడిద చేతులు మాఱుచు ఒక తిరుగలి యింటికి వచ్చును. అచ్చట తిరుగలిని త్రిప్పు బానిసలను చూచును. వారి నొసళ్లపై అక్షరములు కాల్చి వేసియున్నవి, వీపులపై కొరడా వాతలు, పొగకు కనుఱెప్పలు మాడినవి, ఒంటిపై పేలికలు. రోమక సామ్రాజ్యపు చరిత్రలలో రాజుల జయములు పెక్కు కలవు. ఈ వీపులు అరుదు. వేఱొక చోట ఒక బీద తోటమాలి యొద్ద గాడిద యుండగా, దారిలో రోమక సైనికుడొకడు కనబడి, ఆ గాడిదను ఎక్కడికి తోలుకొని పోవుచున్నావని లాటినులో అడుగును. తోటమాలికి ఆ భాష రాదు. జవాబు చెప్పలేదని సైనికుడు కొట్టును. ఈ సంగతి ఏ మనుష్యుడు చెప్పినను అధికారులు ఊరకుండరు. గాడిద చెప్పినచో నవ్వి విడిచిపెట్టుదురు. అంతకన్న ముఖ్యమైన దేమనగా, గాడిద యైనపిదపనే లూషియసునకు లోకము కనబడినది. ధనవంతుని కుమారుడుగా గుఱ్ఱము నెక్కి పోవునపుడు ఆ తిరుగలి యిల్లు అతనికి కనబడి యుండదు.

పద్యరూపమైన అధిక్షేపమున కొక స్వభావము కలదు. రోమక కవులలో హొరేసు మృదువుగను, జువెనలు కటువుగను దానిని నడపిరి. అది చెంపదెబ్బ వంటిది. కొట్టును, పోవును. తిన్నవాని యింటికి పోయి వాడు ఆ రాత్రి అన్నము తినెనో లేదో చూడదు. గాడిద కథ అట్టిది కాదు. అది నవ్వింపబడువానితో కలిసి ఊరూరు తిరుగును. వాని యాకలిని, దెబ్బలను, ఆశను పంచుకొనును. ఇట్లు దీర్ఘకాలము వెంట నడచుటయే నవలకు ప్రాణము. ప్రాచీనుల పరిహాసము నవలకిచ్చిన వరములు మూడని నాకు తోచుచున్నది. లోకమును తలక్రిందుగా చూపు ప్రయాణము మొదటిది. లోకము లెక్కచేయని వాని కంటితో చూచుట రెండవది. నవ్వు తన మీదనే ప్రారంభించుట మూడవది.

ఈ వరములు పదునాలుగు వందల యేండ్ల పైచిలుకు కాలము గడచి స్పెయిను దేశమున ఫలించినవి. సెర్వాంటీసు 1547లో జన్మించెను. 1571లో లెపాంటో యుద్ధమున గాయపడి ఎడమచేతి వాడుకను పోగొట్టుకొనెను. పిమ్మట అల్జీర్సులో ఐదేండ్లు చెఱలో మ్రగ్గెను. అతడు వ్రాసిన డాన్ క్విక్సోటు మొదటి భాగము 1605లోను, రెండవది 1615లోను వెలువడినవి. వీరగాథలు చదివి చదివి మతి చలించిన ఒక పల్లెటూరి పెద్దమనిషి, తుప్పు పట్టిన కవచము తొడిగికొని, లోకమును ఉద్ధరింప బయలుదేఱును. గాలిమరలను రాక్షసులని తలచి పొడుచును. ద్రాక్షసారాయి తిత్తులను శత్రువులని భ్రమించి నఱకును. బంగారు గాడిద కథలో లూషియసును ఇట్లే తిత్తులను పొడిచి, మనుష్యులను చంపితినని వణకెను. పాత విత్తు క్రొత్త నేలలో మొలకెత్తుట ఇట్లుండును.

సెర్వాంటీసు కేవలము వీరగాథలను వెక్కిరింపబూనెను. కాని వేయి పుటలు ఆ పిచ్చివాని వెంట నడచునప్పటికి సంగతి మాఱినది. రెండవ భాగమున ఒక ప్రభువును, ఆయన భార్యయును ఈ పిచ్చివానితోను, వాని సేవకుడగు సాంకో పాంజాతోను ఆడుకొనుటకై పెద్ద వినోదము ఏర్పాటు చేయుదురు. పామరుడగు సాంకోకు ఒక ద్వీపము మీద అధికారమిచ్చినట్లు నటించి, వాడు చేయు తప్పులకు నవ్వవలెనని కాచుకొని యుందురు. వాడు న్యాయపీఠమున కూర్చుండి చిక్కైన తగవులను ధర్మముగా తీర్చును. నవ్వ వచ్చినవారు నోరు తెఱచి నిలిచిపోవుదురు. ఇంత శ్రమపడి ఇద్దఱు వెఱ్ఱివారిని వెక్కిరించువారు తామును వెఱ్ఱివారికి ఎంతో దూరమున లేరని గ్రంథకర్త స్పష్టముగనే సూచించెను. చివరకు క్విక్సోటునకు మతి కుదిరి, మంచము పట్టి మరణించునపుడు, వద్దని సాంకో ఏడ్చును. మొదటి పుటలో నవ్విన పాఠకుడు తుదిపుటలో సాంకో ప్రక్కన నిలుచుండును. ఇట్టి మార్పు చెంపదెబ్బకు సాధ్యము కాదు. అది నవలకే సాధ్యము.

లూషియను గ్రంథములకు ఐరోపాలో మరల ప్రచారము వచ్చినది 16వ శతాబ్ద ప్రారంభమున. ఎరాస్మసును, థామస్ మోరును కలిసి కొన్నింటిని లాటినులోనికి మార్చి 1506లో పారిసులో ప్రకటించిరి. ఫ్రెంచి రచయితయు వైద్యుడును అగు రాబెలే 1532లో వెలువరించిన కథలో, కథకుడు ఒక మహాకాయుని నోటిలోనికి పోయి, అచ్చట గోబీలు నాటుచున్న మనుష్యుని చూచును. చేప కడుపులోని కూరపాదులు మీకు జ్ఞాపకమున్నవి కదా! పిమ్మట 1726లో డబ్లిను నగరపు మతాచార్యుడగు జోనతన్ స్విఫ్టు గలివరు యాత్రలను ప్రకటించెను. అరచేతిలో నిలువదగిన మనుష్యుల దేశము, తాటిచెట్టంత మనుష్యుల దేశము, గుఱ్ఱములు ఏలు దేశము అందు కలవు. ఆ చిట్టి మనుష్యుల రెండు రాజ్యములు గ్రుడ్డును ఏ వైపున పగులగొట్టి తినవలెనను విషయమై తరతరములుగా యుద్ధము చేయుచుండును. అడ్డబొట్టు, నిలువుబొట్టు తగవులు విన్న మనకు ఇది పరదేశపు కథగా తోచదు.

ఇంతదూరము మిమ్ము త్రిప్పినది ఇందులకే. గలివరు యాత్రల నుండి దారి తిన్నగా రాజమహేంద్రవరమునకు వచ్చినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో ప్రకటింపనారంభించిన రాజశేఖర చరిత్రమునకు గోల్డుస్మిత్తు 1766లో వెలువరించిన వేకుఫీల్డు గురువు కథ మేలుబంతి. దానిని పంతులుగారు వచనప్రబంధమనిరి. అందు ధవళేశ్వరపు రాజశేఖరుడు ముఖస్తుతులకు లొంగి, బంగారము చేసి యిత్తునన్న బైరాగిని నమ్మి, ఉన్న బంగారమును పోగొట్టుకొనును. ఆ శతాబ్దపు చివరి దశాబ్దమున పంతులుగారు స్విఫ్టు మార్గమున సత్యరాజా పూర్వదేశ యాత్రలను రచించిరి. అందు ఆడుమళయాళమను దేశమున స్త్రీలు ఏలుదురు, పురుషులు అణగియుందురు. ఆనాటి ఆంధ్రదేశమున స్త్రీలకు విధింపబడిన కట్టుబాట్లు అచ్చట పురుషులకు విధింపబడియుండును. చదువు మగవాడు మొదట కడుపుబ్బ నవ్వును. కొంతసేపటికి, ఈ నియమములనే గదా నేను నా యింట న్యాయమని నడపుచున్నానని తోచి నవ్వు ఆగును. అదే పంతులుగారు కోరినది. ప్రహసనములు వ్రాసి వ్రాసి చేయి తిరిగినవారాయన. మన ప్రహసన మార్గమును, సమొసాత నుండి స్విఫ్టు మీదుగా వచ్చిన యాత్రామార్గమును ఆయన చేతిలో కలిసినవి. నూఱు ఉపన్యాసములు చేయలేని పనిని తలక్రిందులైన ఒక దేశము చేసినది.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొదటి భాగము 1924లో వెలువడినది. మొగలితుఱ్ఱు కుఱ్ఱవాడు ఇంగ్లండుకు పోయి బారిష్టరు కావలెనని బయలుదేఱును. దొరల టోపీ యని తలచి దొరసానుల టోపీని కొనుక్కొని పెట్టుకొనును. ఇందలి విశేషమేమనగా, ఈ యవమానములన్నియు చెప్పుచున్నవాడు పార్వతీశమే. తన్ను చూచి మనము నవ్వుటకు ముందే తాను నవ్వును. అందుచేత మనకతడు చుట్టమగును. గాడిద నోట వినబడిన ఆ 'నేను' అనుమాట మొగలితుఱ్ఱు వీధిలోనుండి మరల వినబడుచున్నట్లుండును. ఆత్మస్థ హాస్యమని నేననునది ఇదియే.

ఇంతవఱకు గ్రంథముల మాట చెప్పితిని. ఇక నా మాట యొకటి చెప్పవలసియున్నది. చెప్పకున్నచో పైన చెప్పినదంతయు పరస్థమే యగును.

నేను ఉపాధ్యాయుడనై చేరిన తొలి దినములలో నాకు ఆశువుగా పద్యము చెప్పు గర్వము మెండు. ఒకనాడు భిన్నములు నేర్పుచు, సగమునకు పాతిక కలుపుమని ఒక బాలునితో చెప్పితిని. వాడు పైయంకెకు పైయంకెను, క్రిందియంకెకు క్రిందియంకెను కూడి, ఆఱింట రెండు వంతులని వ్రాసెను. అనగా మూడవవంతు. కూడినకొలది తఱిగిపోయినది. నాకు నవ్వు వచ్చినది. అట్టి లెక్కలతో వాడు తన తాత భూమిని ఎట్లు వృద్ధి చేయునో వర్ణించుచు అప్పటికప్పుడొక కందపద్యము చెప్పితిని. తరగతి గొల్లుమన్నది. సాయంకాలమునకు ఆ పద్యము వీధిలో నుండెను. మఱునాటి నుండి ఆ బాలుడు బడికి రాలేదు.

నాలుగవనాడు వాని తాత మా యింటికి వచ్చెను. చదువుకొన్నవాడు కాడు. అరుగు మీద కూర్చుండుమన్నను కూర్చుండలేదు. "పంతులుగారూ, తమరి పద్యము మా వీధిలో పసిపిల్లలకు గూడ నోటికి వచ్చినది. ఆ లెక్క మాత్రము మావానికి ఇంకను రాలేదు. తమరికి జీతమిచ్చుచున్నది రెండింటిలో దేనికో అడిగిపోదమని వచ్చితిని" అనెను. గొంతు పెంచలేదు; తిట్టలేదు. నమస్కారము చేసి వెడలిపోయెను.

నాకు తెలిసిన అధిక్షేపములలో దానిని మించినది లేదు. ఆ సాయంకాలమే వారి యింటికి పోయి బాలుని పిలిచితిని. వాడు మరల బడికి వచ్చెను, భిన్నములు నేర్చెను, పరీక్షయందు కృతార్థుడయ్యెను. కాని వాడు మా బడిలో నున్నంతకాలము నన్ను మరల ఒక్క ప్రశ్నయును అడుగలేదు. నేను పదవి నుండి విరమించి కొన్నేండ్లయినది. నాకు వచ్చిన పద్యములలో పెక్కు మఱచితిని. దురదృష్టవశమున అది మాత్రము మఱపునకు రాదు.

అరిస్టోఫనీసు మహాకవి, నేను పల్లెటూరి బడిపంతులను. పోలిక పెట్టుకొనుట సాహసమే. అయినను తప్పు ఒక్క జాతిదే. ఇద్దఱమును ఒడ్డున నిలిచి నవ్వించితిమి. ఆ బాలుడు సగమునకు పాతిక కలిపి మూడవవంతు ఏల వ్రాసెనో తెలిసికొనుటకు నేను వాని వెంట నాలుగడుగులు నడచియుండిన, వాని లెక్కలో నొక క్రమము కనబడి యుండెడిది. నా బోధనలోని లోపమును కనబడి యుండెడిది. నవ్వు అప్పుడును వచ్చెడిదే. అది నా మీదికి వచ్చెడిది.

పెద్దలారా, గ్రామములలో మాఱుపేరులు పెట్టుటయు, ఎత్తిపొడుచుటయు మానుడని నేను చెప్పను. అధిక్షేపము లేని యూరిలో అధికారులు దేవతలగుదురు, ధనవంతులు ధర్మరాజులగుదురు. అది మఱింత కీడు. కేతిగాడు బ్రదుకవలెను. కాని రచ్చబండ మీద ఒక బలహీనుని గూర్చి మాట విసరునపుడు ఒక్క క్షణమాగి, ఈ నవ్వులో నాకును పాలు కలదా యని చూచుకొందము. కలదేని అనవచ్చును. లేనియెడల, ఆ మాట యెంతకాలము బ్రదుకునో, ఎవని చదువును, ఎవని పెండ్లిని, ఎవని మర్యాదను మ్రింగునో మనకు తెలియదు.

సావకాశమున్న సాయంకాలమున మనుమని చేతనో మనుమరాలి చేతనో సత్యరాజా యాత్రలనో, పార్వతీశమునో చదివించి వినుడు. వారు మొదట నవ్వుదురు. మీరు ఏ చోట నవ్వుట మానుదురో గమనించుకొనుడు. ఆ చోటనే గ్రంథకర్త మనతో నిజముగా మాటాడ నారంభించును.